గ్రహాంతర జీవాన్వేషణ: విశాఖ వేధశాల నుంచి హైదరాబాద్ బెలూన్ల దాకా

భూమికి వెలుపల జీవం ఉన్నదా లేదా అన్న ప్రశ్నను ప్రయోగాలతో, పరిశీలనలతో తేల్చడానికి పూనుకున్న శాస్త్ర విభాగాన్ని ఖగోళ జీవశాస్త్రం అంటారు. ఖగోళ, భూగర్భ, రసాయన, సూక్ష్మజీవ శాస్త్రాలు కలిసే ఈ విభాగంలో ఇంతవరకు ఒక్క గ్రహాంతర జీవి కూడా దొరకలేదు. అధ్యయనం చేయవలసిన వస్తువే ఇంకా చేతికి చిక్కని శాస్త్రం బహుశా ఇదొక్కటే. అన్వేషణ ప్రధానంగా మూడు దారుల్లో సాగుతున్నది. సౌరకుటుంబంలోని గ్రహాలకు, వాటి చందమామలకు యంత్రాలను పంపి అక్కడి మట్టినీ, గాలినీ, మంచునూ పరీక్షించడం ఒకటి. ఇతర నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాల వాతావరణంలో ఏ వాయువులున్నాయో వాటి గుండా వచ్చిన కాంతిని బట్టి తెలుసుకోవడం రెండోది. బుద్ధిజీవులెవరైనా పంపిన రేడియో సంకేతాలు అందుతాయేమోనని ఆలకించడం మూడోది. 1960లో ఫ్రాంక్ డ్రేక్ అమెరికాలోని గ్రీన్ బ్యాంక్ నుంచి రెండు నక్షత్రాల వైపు రేడియో దూరదర్శినిని తిప్పడంతో మొదలైన ఈ మూడో దారి ప్రజల్లో అన్నిటికన్నా పేరు పొందినా, ఇన్నేళ్లలో నికరమైన సంకేతమేదీ దానికి అందలేదు కనుక దాని ప్రస్తావన ఇక్కడ ఇంతటితో చాలు.

దారి ఏదైనా చిక్కు ఒక్కటే. జీవానికి ఆనవాలు అనదగినది దొరకడం కష్టమే గాని, దొరికిన ఆనవాలు భూమి నుంచి పరికరాలతో పాటు వెళ్లినది కాదనీ, జీవంతో నిమిత్తం లేని మామూలు రసాయన చర్య వల్ల పుట్టినది కాదనీ రుజువు చేయడం అంతకన్నా కష్టం. ఈ శాస్త్ర చరిత్రలోని పెద్ద వివాదాలన్నీ ఈ రెండో మెట్టు దగ్గర తలెత్తినవే. ఆ మెట్టు ఎంత ఎత్తైనదో తెలియజేసే దృష్టాంతాలు తెలుగు నేల మీద, తెలుగు తీరం వెంబడి చెప్పుకోదగినన్ని ఉన్నాయి.

కాంతిని చదివే విద్య

విశాఖపట్నంలోని దాబా గార్డెన్స్‌లో 1840లో గోడే వెంకట జగ్గారావు అనే జమీందారు సొంత ఖర్చుతో ఒక వేధశాలను నెలకొల్పారు. మద్రాసు వేధశాలలో టి.జి. టేలర్ దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న జగ్గారావు 1856లో మరణించగా, ఆయన అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు వేధశాలను చేపట్టి, 1871లో లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ సభ్యులై, 1874 డిసెంబరు 9న జరిగిన శుక్రగ్రహ అధిక్రమణాన్ని పరిశీలించి, ఆ వివరాలను ఆ సొసైటీ పత్రికలో ప్రకటించారు. అధిక్రమణం అంటే చూసేవారికీ నక్షత్రానికీ నడుమ గ్రహం అడ్డుగా వచ్చి, బింబం మీదుగా నల్లని చుక్కలా సాగిపోవడం. ఆనాటి వారికి దానితో ఉన్న పని భూమికీ సూర్యుడికీ మధ్య దూరాన్ని కచ్చితంగా లెక్కగట్టడమే తప్ప జీవాన్వేషణ కాదు.

దానికి ఆరేళ్ల ముందు, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణపు ఛాయ గుంటూరు, మచిలీపట్నం మీదుగా వెళ్లింది. ఫ్రెంచి శాస్త్రవేత్త జూల్ జాన్సెన్ గుంటూరు నుంచి, మద్రాసు ప్రభుత్వ ఖగోళజ్ఞుడు నార్మన్ పాగ్సన్ మచిలీపట్నం నుంచి వర్ణపటదర్శినులతో గ్రహణాన్ని పరిశీలించారు. కాంతిని దాని రంగులుగా విడదీసి చూపే సాధనం వర్ణపటదర్శిని. ప్రతి మూలకమూ, ప్రతి అణువూ ఆ రంగుల పట్టీలో తనకే చెందిన గీతలను వదులుతుంది కనుక, ఎంత దూరాన ఉన్న వస్తువులోనైనా ఏ పదార్థముందో ఆ గీతలను బట్టి చెప్పవచ్చు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల్లో ఆ రోజు ఒక పసుపుపచ్చ గీత కనిపించింది. మొదట దాన్ని సోడియం గీతగా భావించారు; స్థానం సరిగా కుదరడం లేదన్న అనుమానం పాగ్సన్ పరిశీలనలో ఉన్నది; చివరకు ఇంగ్లండులో నార్మన్ లాకియర్ అది భూమి మీద అప్పటికి తెలియని మూలకానిదని నిర్ధారించగా, దానికి హీలియం అన్న పేరు వచ్చింది. హీలియం గుంటూరులో పుట్టిందని స్థానికంగా చెప్పుకునే మాటలో కొంత అతిశయం లేకపోలేదు. ఘనత పలువురిది. గీత కనబడిన చోటు మాత్రం గుంటూరు, మచిలీపట్నం ప్రాంతమే.

అధిక్రమణమూ వర్ణపటమూ అన్న ఈ రెండు విద్యల కలయికతోనే నేడు అన్యగ్రహాల వాతావరణ పరిశీలన జరుగుతున్నది. సూర్యుని వంటి నక్షత్రం చుట్టూ తిరిగే అన్యగ్రహాన్ని మొదటిసారిగా 1995లో కనుగొన్నారు. 2025 నాటికి ధ్రువపడిన అన్యగ్రహాల సంఖ్య ఆరు వేలు దాటింది. వీటిలో అత్యధికం అధిక్రమణం ద్వారా పట్టుబడినవే. గ్రహం అడ్డువచ్చినప్పుడు నక్షత్ర కాంతి కొద్దిగా తగ్గుతుంది. భూమి అంత గ్రహం సూర్యుడంత నక్షత్రానికి అడ్డువస్తే ఆ తగ్గుదల పదివేలలో ఒక వంతుకు కూడా చేరదు. అడ్డువచ్చిన గ్రహానికి వాతావరణం ఉంటే నక్షత్ర కాంతిలో కొంత ఆ పలుచని పొర గుండా వడగట్టినట్టు దాటి వస్తుంది కనుక అక్కడి వాయువుల గీతలు ఆ కాంతిలో చేరతాయి. ఈ పద్ధతిలో అన్యగ్రహ వాతావరణంలో మొట్టమొదట, 2002లో, గుర్తించిన పదార్థం సోడియం.

ఈ పద్ధతి తెచ్చిన పెద్ద వివాదం కె2-18బి అన్న గ్రహానిది. సింహరాశి దిశలో 124 కాంతి సంవత్సరాల దూరాన, ఒక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం చుట్టూ 33 రోజులకు ఒకసారి తిరిగే ఈ గ్రహం ద్రవ్యరాశిలో భూమికి 8.6 రెట్లు, వ్యాసార్ధంలో 2.6 రెట్లు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన భారత సంతతి శాస్త్రవేత్త నిక్కు మధుసూదన్ బృందం జేమ్స్ వెబ్ దూరదర్శిని సాయంతో 2023లో ఈ గ్రహం మీద మీథేన్, బొగ్గుపులుసు వాయువు ఉన్నట్టు ప్రకటించి, 2025 ఏప్రిల్‌లో డైమిథైల్ సల్ఫైడ్ గాని, దానికి దగ్గరి బంధువైన డైమిథైల్ డైసల్ఫైడ్ గాని ఉన్న సూచనలు కనిపించాయని వెల్లడించింది.

డైమిథైల్ సల్ఫైడ్ విశాఖవాసులకు కొత్తదేమీ కాదు. సముద్రంలో తేలియాడే వృక్షప్లవకాలు, అంటే కంటికి ఆనని శైవలాలు, తమ కణాల్లో దాచుకునే ఒక గంధక సమ్మేళనం వాటిని జంతుప్లవకాలు తిన్నప్పుడో, అవి చచ్చినప్పుడో విచ్ఛిన్నమై ఈ వాయువుగా గాలిలో కలుస్తుంది. రామకృష్ణా బీచ్‌లో గాలి ఒడ్డుకు తిరిగినప్పుడు ముక్కుకు తగిలే సముద్రపు వాసనలో చెప్పుకోదగిన భాగం దీనిదే. ఫిషింగ్ హార్బరు దగ్గరి నీచు వాసన వేరు, దానికి కారణం చేపల శరీరంలో పుట్టే ట్రైమిథైలమైన్. భూమి మీద డైమిథైల్ సల్ఫైడ్‌కు ప్రధాన ఆధారం సముద్ర జీవులే కావడం వల్ల, అది మరో గ్రహం మీద ఉంటే అక్కడా సముద్రమూ ప్రాణులూ ఉండవచ్చునన్నది వాదం. దీనికి ఎదురైన అభ్యంతరాలు బలమైనవి. ప్రకటించిన సంకేతపు నమ్మకం గణాంక పరిభాషలో మూడు సిగ్మాల స్థాయిలోనే ఉండగా, ఆవిష్కరణ అనిపించుకోవడానికి వాడుకగా కోరేది అయిదు. ఇతర బృందాలు అదే దత్తాంశాన్ని వేరే నమూనాలతో పరిశీలించినప్పుడు సంకేతం నిలవలేదు. పైగా ఈ అణువు 67పి అనే తోకచుక్కలోనూ కనిపించింది, ప్రయోగశాలలో మామూలు వాయువుల మీద అతినీలలోహిత కాంతిని ప్రసరింపజేసినప్పుడూ తయారైంది. తోకచుక్క మీద వృక్షప్లవకాలు ఉండవు గదా. ఈ గ్రహానికి అసలు సముద్రమే ఉన్నదా అన్నది కూడా తేలని స్థితిలో ప్రాణుల సంగతి మాట్లాడడం తొందరపాటే.

హైదరాబాద్ బెలూన్ ప్రయోగాలు

తెలుగు నేల మీద నుంచి జీవాన్వేషణ కోసమే ప్రత్యేకంగా జరిగిన ప్రయోగాలు హైదరాబాద్‌లోని జాతీయ బెలూన్ కేంద్రానివి. టాటా మౌలిక పరిశోధన సంస్థ నడిపే ఈ కేంద్రంలో, పలుచని పాలిథిన్ పొరతో అక్కడే తయారయ్యే బెలూన్లు ప్రధానంగా కాస్మిక్ కిరణాల, ఖగోళ ఎక్స్ కిరణాల పరిశోధనకు ఉద్దేశించినవి. వీటిని జీవాన్వేషణకు వాడాలన్న ఆలోచన వెనుక ఉన్నది ఫ్రెడ్ హోయిల్, చంద్ర విక్రమసింఘేల సిద్ధాంతం. తోకచుక్కల ధూళితో పాటు సూక్ష్మజీవులు అంతరిక్షం నుంచి నిరంతరం భూమి మీదికి రాలుతున్నాయనీ, భూమి మీద జీవం మొదలైనదే అలాగనీ వారి వాదం; దీన్ని పాన్‌స్పెర్మియా, అంటే విశ్వబీజ వాదం, అంటారు. హోయిల్ శిష్యుడైన జయంత్ నార్లికర్ దీన్ని ప్రయోగంతో పరీక్షించడానికి పూనుకున్నారు. కిందినుంచి పైకి గాలి మామూలుగా చేరలేని ఎత్తుల్లో సూక్ష్మజీవులు దొరికితే అవి పైనుంచి దిగినవని అనుకోవడానికి కొంత ఆస్కారం ఉంటుందన్నది ఆయన తర్కం.

మొదటి ప్రయోగం 2001 జనవరి 21న, రెండోది 2005 ఏప్రిల్ 20న జరిగాయి. రెండోసారి 2.67 కోట్ల ఘనపుటడుగుల బెలూన్ 459 కిలోల పరికరాలను మోసుకుని స్ట్రాటో ఆవరణంలోకి లేచింది. పరికరాల్లో ముఖ్యమైనది క్రయోశాంప్లర్: లోపలి గాలినంతా తోడివేసి, సూక్ష్మజీవరహితం చేసిన 16 స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలను 38 కిలోల ద్రవ నియాన్‌లో ముంచి ఉంచిన పేటిక. నియాన్ సున్నాకు దిగువన 246 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది కనుక, అంత చల్లదనంలో గొట్టం మూత తెరిచిన వెంటనే లోపలికి వచ్చిన గాలి గోడలకు గడ్డకట్టి అంటుకుపోతుంది. లోపల మళ్లీ ఖాళీ ఏర్పడి మరింత గాలిని లాగుతుంది. పంపు అవసరం లేకుండా పంపు పని జరగడం ఈ ఏర్పాటులోని చమత్కారం. 20 కిలోమీటర్ల నుంచి 41 కిలోమీటర్ల దాకా వేర్వేరు ఎత్తుల్లో గొట్టాలు గాలిని పట్టి, మూతలు పడ్డాక పారాచూట్‌తో నేలకు దిగాయి. 41 కిలోమీటర్ల ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉండేదానిలో నాలుగు వందవ వంతుకు దగ్గరగా ఉంటుంది కనుక, చెప్పుకోదగినంత గాలి పోగుపడాలంటే ఇంత ప్రయాస తప్పదు.

హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రంలో ఎస్. శివాజీ బృందం, పుణేలోని జాతీయ కణశాస్త్ర కేంద్రంలో యోగేశ్ శౌచే బృందం నమూనాలను విడివిడిగా పరీక్షించాయి. ఒకే నమూనాను రెండు ఊళ్లలో పరీక్షించడం కల్తీ భయం వల్లనే: ఒక ప్రయోగశాలలో మనుషుల చేతి నుంచో గాలి నుంచో సూక్ష్మజీవి చొరబడినా రెండోచోట అదే జీవి చొరబడే అవకాశం తక్కువ. ప్రయోగానికి మార్గదర్శకులుగా ఇస్రో తరఫున యు.ఆర్. రావు, కణ, అణు జీవశాస్త్ర కేంద్రం వ్యవస్థాపక సంచాలకుడు పి.ఎం. భార్గవ వ్యవహరించారు. మొత్తం 12 బాక్టీరియా సమూహాలు, 6 శిలీంధ్ర సమూహాలు పెరిగాయి. సూక్ష్మజీవుల చుట్టరికాన్ని తేల్చడానికి వాడే 16ఎస్ రైబోసోమ్ జన్యువును చదివి చూడగా తొమ్మిది బాక్టీరియాలు భూమి మీద తెలిసినవాటితో 98 శాతానికి మించి సరిపోలాయి. మిగిలిన మూడూ కొత్త జాతులుగా తేలి, హోయిల్ పేరిట జానిబాక్టర్ హోయిలై అనీ, ఇస్రో పేరిట బాసిల్లస్ ఇస్రోనెన్సిస్ అనీ, ఆర్యభటుని పేరిట బాసిల్లస్ ఆర్యభట్టై అనీ 2009లో నామకరణం పొందాయి. తమ దగ్గరి బంధువులతో పోలిస్తే ఇవి అతినీలలోహిత కిరణాలను ఎక్కువగా తట్టుకోగలిగాయి.

ఈ వార్త వెలువడినప్పుడు గ్రహాంతర జీవులు హైదరాబాద్‌కు దిగివచ్చాయన్నంత హడావిడి జరిగింది. ఇస్రో ప్రకటన మాత్రం నిగ్రహంగానే ఉన్నది: ఈ జీవులు స్ట్రాటో ఆవరణంలోనే పట్టుబడ్డాయన్న నమ్మకం ఉన్నదనీ, అవి భూమికి వెలుపలివని ఈ పరిశోధన నిర్ధారించడం లేదనీ అందులో స్పష్టంగా చెప్పారు. తర్వాతి పరిణామాలు ఆ నిగ్రహాన్నే సమర్థించాయి. ఆర్యభట్టై పలు దేశాల్లో పొలాల మట్టిలో, మొక్కల వేళ్ల దగ్గర కనిపించింది. 2001 ప్రయోగపు నమూనాల నుంచి శివాజీ బృందం 2006లో వర్ణించిన నాలుగు కొత్త జాతుల్లో రెండు, బాసిల్లస్ స్ట్రాటోస్ఫెరికస్, బాసిల్లస్ ఆల్టిట్యూడినిస్, 2012లో ఇంగ్లండులోని వేర్ నది మొగ దగ్గర బురదలో న్యూకాసిల్ పరిశోధకులకు దొరికి, సూక్ష్మజీవులతో విద్యుత్తును పుట్టించే ఘటాల్లో ఉత్పత్తిని దాదాపు రెట్టింపు చేశాయి. ఆకాశంలో మొదట గుర్తించినంత మాత్రాన ఆకాశమే వాటి పుట్టిల్లు కానక్కరలేదు.

దీనికి విశ్వబీజవాదులు చెప్పే సమాధానం ఒకటున్నది. భూమి మీది జీవమే పైనుంచి వచ్చింది కనుక పైవీ కిందివీ ఒకే పోలికలో ఉండడం సహజమంటారు. వినడానికి ఇంపుగా ఉన్నా ఇది వాదానికి చేటు చేసే సమాధానమే. పోలిక ఉన్నా లేకపోయినా రుజువుగానే లెక్కించే సిద్ధాంతాన్ని ఏ ప్రయోగమూ తప్పని చూపలేదు. కణాల్లోని కర్బనం, హైడ్రోజన్ ఐసోటోపుల నిష్పత్తి భూమి మీది నిష్పత్తికి భిన్నంగా ఉన్నదా అన్న పరీక్ష ఈ ముడిని విప్పగలదు. జన్యువు కన్నా నమ్మదగిన సాక్షి అదే.

రేవులో పరాయి చిప్ప

పరాయి జీవి ఓడ ఎక్కి వస్తే ఏమవుతుందో విశాఖ రేవు చూసింది. కరీబియన్ సముద్ర ప్రాంతానికి చెందిన మైటిలోప్సిస్ సల్లై అనే చిన్న ఆలిచిప్ప 1967 ప్రాంతంలో విశాఖ రేవులో మొదటిసారి కనిపించగా, ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్రజ్ఞుడు పి.ఎన్. గణపతి, ఆయన సహచరులు దాన్ని నమోదు చేశారు. ఓడల అడుగుభాగాన్ని అంటిపెట్టుకుని వచ్చిందని భావించే ఈ చిప్ప, కాలుష్యాన్నీ ఉప్పదనంలోని మార్పులనూ తట్టుకుంటూ రేవు గోడల మీద, లంగరు గొలుసుల మీద గుత్తులు గుత్తులుగా పేరుకుపోయి, స్థానిక జీవులకు చోటు లేకుండా చేసింది. ఇదే చిప్ప 1999లో ఆస్ట్రేలియాలోని డార్విన్ పడవల రేవుల్లో కనబడినప్పుడు అక్కడి అధికారులు రేవులను మూసి, నీటిలో క్లోరిన్, మైలుతుత్తం కలిపి సమూలంగా తొలగించారు. ఆ క్రమంలో రేవులోని మిగతా జీవులు కూడా చచ్చాయి.

అంతరిక్ష నౌకల విషయంలోనూ ఇదే భయం ఉన్నది. 1967లోనే అమల్లోకి వచ్చిన అంతర్జాతీయ అంతరిక్ష ఒప్పందంలోని తొమ్మిదో అధికరణం, ఇతర గ్రహాలకు హానికరమైన కల్తీ జరగకుండా చూడవలసిన బాధ్యతను దేశాల మీద పెట్టింది. దీని ప్రకారం రూపొందిన నియమావళిని గ్రహ సంరక్షణ అంటారు. శని చందమామ ఎన్సెలాడస్ మంచు కింద సముద్రం ఉన్నదని కనిపెట్టిన కస్సీని నౌకను, ఇంధనం అయిపోయాక అది ఎన్నడైనా ఆ చందమామకు తగిలి భూమి సూక్ష్మజీవులను అంటించవచ్చునన్న భయంతోనే, 2017 సెప్టెంబరు 15న శని వాతావరణంలో పడవేసి దహించారు. శుభ్రపరచడానికీ హద్దున్నది. అంతరిక్ష నౌకలను కూర్చే అతిశుభ్రమైన గదుల్లోనే బతికే టెర్సికోకస్ ఫీనిసిస్ అనే బాక్టీరియా ఫ్లోరిడాలోనూ, ఫ్రెంచి గయానాలోనూ బయటపడింది. మిగతా జీవులన్నిటినీ తుడిచివేసిన చోట దానికి పోటీ లేకుండా పోయింది.

కల్తీ భయం ఎదురు తిరిగిన సందర్భం కూడా ఒకటున్నది. 1976లో కుజుడి మీద దిగిన రెండు వైకింగ్ నౌకలను బయలుదేరే ముందు సుమారు 112 డిగ్రీల వేడిలో గంటల తరబడి కాల్చి శుద్ధి చేశారు. అక్కడి మట్టికి పోషక ద్రవం అందించిన ఒక ప్రయోగంలో జీవం ఉన్నట్టే వాయువు వెలువడింది. మట్టిని వేడి చేసి కర్బన పదార్థం కోసం వెతికిన మరో పరికరానికి క్లోరిన్ కలిసిన రెండు సరళ సమ్మేళనాలు తప్ప ఏమీ దొరకకపోగా, వాటిని భూమి నుంచి వచ్చిన శుభ్రపరిచే ద్రావణాల అవశేషాలుగా భావించి కొట్టిపారేశారు. 2008లో ఫీనిక్స్ నౌక కుజుడి మట్టిలో పర్‌క్లోరేట్ లవణాలను కనిపెట్టాక కథ మారింది: కర్బన పదార్థమున్న మట్టిని ఈ లవణాలతో కలిపి వేడి చేస్తే సరిగ్గా అటువంటి సమ్మేళనాలే పుడతాయి. కల్తీ అని తోసివేసినది కుజుడిదే అయి ఉండవచ్చునన్నమాట. అయితే అది కర్బన పదార్థం సంగతే. పోషక ద్రవ ప్రయోగంలోని వాయువుకు మట్టిలోని రసాయనాలే కారణమన్నది నేటికీ అత్యధికుల అభిప్రాయం.

మీథేన్, రాళ్లు

శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న బయలుదేరి 2014 సెప్టెంబరు 24న కుజుని కక్ష్యలో చేరిన మంగళయాన్‌లో మీథేన్‌ను కొలిచే పరికరం ఒకటి ఉన్నది. భూమి వాతావరణంలోని మీథేన్‌లో అధిక భాగం జీవుల పుణ్యమే కనుక దానికి ప్రాధాన్యం. ఆ పరికరం చివరకు మీథేన్ లెక్క తేల్చలేకపోయినా, కుజుని ఉపరితలం కాంతిని ఎంతమేర ప్రతిఫలిస్తుందో చూపే పటానికి ఉపయోగపడింది. తర్వాత క్యూరియాసిటీ రోవర్ నేల దగ్గర మీథేన్ హెచ్చుతగ్గులను నమోదు చేయగా, పైనుంచి చూసిన యూరప్ ఆర్బిటర్‌కు అది బొత్తిగా కానరాలేదు. ఈ వైరుధ్యం ఇంకా తీరలేదు. తీరినా ప్రశ్న మిగిలే ఉంటుంది, ఎందుకంటే ఇనుము అధికంగా గల కొన్ని శిలలు నీటితో చర్య జరిపినప్పుడు జీవం లేకుండానే మీథేన్ పుట్టగలదు. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సముద్రపు అడుగున మంచులా గడ్డకట్టి ఉన్న మీథేన్ హైడ్రేట్లు 2006 నాటి తవ్వకాల్లో బయటపడినప్పుడు, ఆ వాయువు ప్రధానంగా సూక్ష్మజీవుల ఉత్పత్తి అని దాని కర్బన ఐసోటోపుల నిష్పత్తే చెప్పింది. కుజుని పలుచని మీథేన్ విషయంలో అంతటి కొలత ఇంతవరకు సాధ్యపడలేదు.

ఆకాశం నుంచి రాలిపడే రాళ్లు మరో ఆధారం. పూర్వపు విశాఖపట్నం జిల్లాలోని నెడగొల్ల దగ్గర 1870 జనవరి 23న పడిన ఉల్కాశకలం ఇనుము, నికెల్ లోహాల ముద్ద. అటువంటివాటిలో కర్బన పదార్థం ఆశించలేము. దానికి కర్బనం పుష్కలంగా గల గ్రహశకలాలు కావాలి. బెన్ను అనే గ్రహశకలం నుంచి 2023లో భూమికి తెచ్చిన ధూళిలో, భూమి జీవులు ప్రోటీన్ల తయారీకి వాడే 20 అమైనో ఆమ్లాలలో 14 దొరికాయి. జీవానికి కావలసిన ముడిసరుకు సౌరకుటుంబమంతటా ఉన్నదని దీనివల్ల తెలిసింది. సరుకు ఉన్నచోటల్లా వంట జరిగిందని మాత్రం తెలియలేదు.

భూమి మీది పురాతన జీవపు గుర్తుల్ని చదవడమే ఎంత కష్టమో కడప జిల్లా వేంపల్లె ప్రాంతపు శిలలు చెబుతాయి. తుమ్మలపల్లె యురేనియం గనికి ఆధారమైన డోలమైట్ రాతి వరుసలోనే, సుమారు 190 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమాటోలైట్లు ఉన్నాయి. లోతులేని సముద్రంలో సూక్ష్మజీవుల జిగురు పొరల మీద బురద రేణువులు చేరి, దాని మీద మళ్లీ పొర పెరిగి, ఈ విధంగా పేరుకున్న రాతి గుబ్బలివి. కోసి చూస్తే బోర్లించిన గిన్నెలను ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు వంపు తిరిగిన సన్నని చారలు కనిపిస్తాయి. అయితే ఇటువంటి చారలు ఖనిజాలు వాటంతట అవే పేరుకున్నప్పుడు కూడా ఏర్పడగలవు. గ్రీన్‌లాండ్‌లో 370 కోట్ల ఏళ్ల నాటి స్ట్రోమాటోలైట్లు దొరికాయని 2016లో ప్రకటించగా, అవి భూగర్భ ఒత్తిళ్లకు ముడతపడిన మామూలు రాళ్లేనని రెండేళ్లకే మరో బృందం ఆక్షేపించింది. కాలినడకన వెళ్లి, సుత్తితో కొట్టి, పదేపదే నమూనాలు తెచ్చుకోగల చోట కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. 2024లో పర్సెవరెన్స్ రోవర్ కుజుడి జెజెరో బిలంలో చిరుతపులి మచ్చల వంటి మచ్చలున్న ఒక రాతిని కనుగొని తొలిచింది. భూమి మీద సూక్ష్మజీవుల చర్య వల్ల తరచుగా ఏర్పడే వివియనైట్, గ్రెయిగైట్ అనే ఇనుప ఖనిజాల ఆనవాళ్లు అందులో ఉన్నాయని 2025 సెప్టెంబరులో ప్రకటించారు. జీవం లేకుండా అవి ఏర్పడే దారులు కూడా ఉన్నాయని ఆ పరిశోధకులే తమ ప్రకటనలో పేర్కొన్నారు. ఆ దారులను ఒక్కొక్కటిగా తోసిపుచ్చడానికి కావలసిన సాధనాలు భూమి మీద ప్రయోగశాలల్లో ఉన్నాయి. రాతి నమూనా మాత్రం గొట్టంలో సీలుపడి కుజుడి మీదే ఉన్నది, దాన్ని ఇక్కడికి చేర్చే పథకం ఖర్చుల దగ్గర ఆగిపోయింది.